మనది ఏ టీమ్?

మా బీరువాలో ఒక పసుపు జెర్సీ ఉంది. 2025 అక్టోబర్‌లో ఒకరోజు మా ఆవిడ దాన్ని బయటికి తీసి, "మీ టీమ్ ఢిల్లీ వెళ్లిపోయిందటగా, ఇక దీన్ని బండి తుడవడానికి తీసుకోనా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఊరూ పేరూ మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిందన్న వార్త అప్పుడే వచ్చింది. "వద్దులే, ఉండనీ" అన్నాను. ఎందుకుండాలో మాత్రం చెప్పలేకపోయాను. నిజానికి నేను ఆ టీమ్‌కి అంత పాత అభిమానిని కూడా కాదు. ఫుట్‌బాల్‌లో ముందునుంచీ నాకున్న టీమ్ లండన్‌లో ఉంటుంది.

అది నాకెలా అంటుకుందో తేదీతో సహా చెప్పగలను. 2006 మే 17 రాత్రి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్ టీవీ రూమ్. పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, బార్సిలోనాకీ ఆర్సెనల్‌కీ. నిద్రపట్టక కిందికొచ్చిన నన్ను ఒక సీనియర్ చూసి, "ఒరేయ్, కూర్చో. పసుపు చొక్కాలోళ్లు మనోళ్లు" అన్నాడు. ఆర్సెనల్ అసలు రంగు ఎరుపని నాకు మర్నాడుగానీ తెలీలేదు. 18వ నిమిషంలో మనోళ్ల గోల్‌కీపర్‌కి రెడ్ కార్డ్ పడింది. పదిమందితోనే గోల్ కొట్టారు. చివర్లో నాలుగు నిమిషాల తేడాలో రెండు గోల్స్ తిని ఓడిపోయారు. ఆ సీనియర్ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. నేను తెల్లారేదాకా పడుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఆ రోగం తగ్గలేదు.

"అన్నా, నీకు ఆర్సెనల్ ఎలా పరిచయం?" అని తర్వాతెప్పుడో అడిగాను. వాళ్ల పెద్దన్నయ్య లండన్‌లో ఎమ్మెస్ చేశాడట, వస్తూ ఒక జెర్సీ తెచ్చాడట. అంతే. ఆ సీనియర్ బట్టతలతో ఉన్న ఏ మాంచెస్టర్ వీరాభిమాని పక్కనో కూర్చుని ఉంటే నా జీవితంలో కొన్ని వందల శనివారాలు ఇంకోలా గడిచేవి.

మనం టీమ్‌ని ఎంచుకున్నామని చెప్పుకుంటాం గానీ, చాలాసార్లు పక్కన కూర్చున్న మనిషిని బట్టి అది వస్తుంది. నిక్ హార్న్‌బీ 'ఫీవర్ పిచ్' రాసింది 1992లో. అందులో ఆయన ఆర్సెనల్ పిచ్చికి మొదలు 1968లో తండ్రి తీసుకెళ్లిన ఒక మ్యాచ్. అప్పటికి అమ్మానాన్నలు విడిపోయారు, వారాంతంలో కొడుకుని ఎక్కడికి తీసుకెళ్లాలో తోచని తండ్రి స్టేడియానికి తీసుకెళ్లాడు. కలకత్తాలో సంగతి ఇంకా గట్టిది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ వైపు, పడమటి వాళ్లు మోహన్ బగాన్ వైపు. ఒకళ్లు గెలిస్తే ఇలిశ చేప, ఇంకొకళ్లు గెలిస్తే రొయ్య. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాడికి పోయిన ఊరి పేరుతో ఇంకా గెలుస్తున్నది అదొక్కటే అయితే, వాడి కొడుకుని వేరే టీమ్ ఎంచుకోమని ఎవరు చెప్పగలరు?

మన దగ్గర ఈ పద్ధతి లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది, కాకపోతే సినిమాల్లో. నేను పెరిగింది వెంగళరావు నగర్‌లో. ఒకవైపు యూసుఫ్‌గూడ, దాన్ని ఆనుకుని కృష్ణానగర్, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. మా ఇంట్లో హీరో ఎవరో నేను పుట్టకముందే ఖాయమైపోయాడు. నాన్న కాలేజీ రోజుల్లో ఎవరి సినిమాకి చొక్కా చింపుకున్నాడో ఆయనా, ఆయన తర్వాత ఆయన వారసుడూ. ఆ హీరో సినిమా బాగోలేదంటే ఇంట్లో మాటామాటా పెరిగేది. ఇంత అభిమానం పండే నేలలో ఒక్క ఫుట్‌బాల్ టీమ్ ఎందుకు మొలవలేదని హాస్టల్లో మలయాళీ మిత్రులు అడిగితే, "మాది క్రికెట్ ఊరు" అనేవాణ్ణి. అది అబద్ధమని తెలియడానికి నాకు 2019 దాకా పట్టింది.

కృష్ణకాంత్ పార్కులో పొద్దున నడిచేవాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. పోలీసు శాఖలో చేసి రిటైరయ్యారు. అందరూ చాచా అనేవాళ్లం. ఒకరోజు నా ఎర్ర జెర్సీ చూసి, "ఏ టీమ్ బేటా ఇది?" అన్నారు. లండన్‌ది అన్నాను. "అచ్ఛా. మా టీమ్ అయితే ఈడిదే" అన్నారు. చిన్నప్పుడు వాళ్ల అబ్బాజాన్ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఫతే మైదాన్‌కి తీసుకెళ్లేవారట. "రహీం సాబ్ ఎరుకేనా నీకు?" అని అడిగారు. తల ఊపాను, ఎరుక లేకపోయినా. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికాను. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమయ్యాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. బడిపంతులు. చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ, ఇంకొన్ని బడుల్లోనూ పాఠాలు చెప్పాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆయన చేతిలో తయారైన టీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్. అది 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఒకసారి కాదు, ఐదుసార్లు, మధ్యలో ఎవరికీ సందివ్వకుండా. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా గెలుచుకుంది. రాష్ట్రం ఏర్పడ్డాక అదే పోలీసు టీమ్ ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడింది, 1961లో డ్యూరాండ్ కూడా గెలిచింది.

భారత జట్టుకి కోచ్ కూడా రహీమే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం. మధ్యలో 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిన జట్టుకీ ఆయనే కోచ్. చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ పది గోల్స్ నుంచి నాలుగేళ్లలో ఒలింపిక్ సెమీఫైనల్‌కి వెళ్లడమే నాకు ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా పెద్ద పనిగా అనిపిస్తుంది. జకార్తాకి వెళ్లేటప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు.

ఇంజినీర్ని కాబట్టి నన్ను పట్టేసినవి ఆయన పద్ధతులు. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నీలు పెట్టేవాడు: బంతి కాళ్ల దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయకూడదు, అందుకున్నవాడు వెంటనే ఇంకొకడికి ఇచ్చేయాలి. బలహీనమైన కాలితోనే ఆడాలని కూడా పోటీలు పెట్టేవాడట. సాఫ్ట్‌వేర్‌లో మేం ఇలాంటివాటికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుంటాం. ఆయన దగ్గర ఉన్నది మట్టి గ్రౌండు, బడి పిల్లలు, చేతి విజిల్. ఆ బడి పిల్లల్లోంచి, పోలీసు కానిస్టేబుళ్లలోంచి మెల్‌బోర్న్ దాకా వెళ్లినవాళ్లు వచ్చారు: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం.

ఇక్కడ బలరాం దగ్గర కాస్త ఆగాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టాడు. మెల్‌బోర్న్ ఆడేటప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా బంగారంలో ఉన్నాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. తర్వాత కూడా వెనక్కి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు. ఆయన ఆట చూసిన బెంగాలీ తాతలు మనవలకి ఆయన గురించి చెప్పుకున్నారు. అమ్ముగూడ నుంచి రెండు రైల్వే స్టేషన్ల అవతల ఇంజినీరింగ్ చదివిన నాకు ఎవరూ చెప్పలేదు. మన ఆటగాణ్ణి వాళ్లు వారసత్వంగా తీసుకున్నారు.

బలరాం ఒక్కడే కాదు. పోలీసు ఉద్యోగం నెలజీతమైతే కలకత్తా, బొంబాయి క్లబ్బులు ఆటకి డబ్బూ పేరూ ఇచ్చేవి. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా ఇక్కడ పుట్టి అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్లే. రహీం పోయాక ఆ స్థాయిలో ఇంకో పంతులు రాలేదు. టీమ్ ఎందుకు పడిపోయిందంటే ఇవన్నీ చెప్పొచ్చు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. టీమ్ పడిపోతే పడిపోయింది, జ్ఞాపకం ఎక్కడికి పోయింది?

మా నాన్న ఉద్యోగం మీద ఖమ్మం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చింది 1985లో. మా కాలనీ పేరు కూడా ఆ జిల్లా నాయకుడిదే, 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావుది. చుట్టుపక్కల ఇళ్లలో చాలామంది మాలాగే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు మూటల్లో ఊరి పచ్చళ్లు తెచ్చుకున్నారు, హీరోలని తెచ్చుకున్నారు, పార్టీలని తెచ్చుకున్నారు. ఇక్కడున్న ఫుట్‌బాల్‌ని అందుకోలేదు. అందుకోవాలంటే పక్కన ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. ఆ చెప్పగలిగినవాళ్లు పాతబస్తీలో, మల్లేపల్లిలో, సికింద్రాబాద్ బస్తీల్లో ఉన్నారు. వాళ్లు ఉర్దూలోనో, తమిళంలోనో, దక్కనీలోనో చెప్పుకున్నారు. మేం తెలుగు పేపర్ చదివాం, అందులో ఆటల పేజీ అంటే క్రికెట్. నేను చదివిన హైదరాబాద్ కథల్లో ఇరానీ చాయ్ కావలసినంత ఉంది, కర్ఫ్యూ ఉంది, రహీం సాబ్ మాత్రం ఒక్క వాక్యంలో కూడా తగల్లేదు. ఒకే ఊళ్లో రెండు ఊళ్లుగా బతికాం. ఎనిమిదేళ్ల వయసులో నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకోవాల్సిన మనిషి నాకు ముప్ఫై ఏళ్లొచ్చాక పార్కులో కనపడ్డాడు.

చివరికి ఆయన కథని 2024లో 'మైదాన్' అని సినిమా తీశారు. హిందీలో, బొంబాయి వాళ్లు. మా ఇంటినుంచి స్టూడియోలు నడిచిపోయేంత దూరం. ఇంతకంటే ఏమంటాను.

చాచా మాట విన్న ఏడాదే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుట్టడం అంటే, మూతపడిన పుణె క్లబ్ స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి మ్యాచ్‌లో కలకత్తాలో 5-0తో ఓడింది. మొదటి సొంతూరి మ్యాచ్ 2019 నవంబర్ 2న గచ్చిబౌలిలో, కేరళ బ్లాస్టర్స్ మీద. ఆఫీస్ పక్కనే కదా అని వెళ్లాను. రెండు టీముల రంగూ పసుపే. చుట్టూ పసుపు చూసి మనవాళ్లు ఎంతమంది వచ్చారో అని పొంగిపోయాను. రాహుల్ కేపీ కేరళకి గోల్ కొట్టగానే నా ముందు మూడు వరసలు లేచి గంతులేశాయి, అప్పుడు అర్థమైంది. తర్వాత మనవాళ్లు పెనాల్టీతో సమం చేశారు. 81వ నిమిషంలో మార్సెలీన్యో ఫ్రీకిక్ లోపలికెళ్లింది, 2-1. పక్కనున్న ఎవరో తెలియని కుర్రాడు నా మెడ పట్టుకుని ఊపేశాడు. బయటికొచ్చేటప్పుడు జెర్సీ కొన్నాను. ఆ సీజన్ పదో స్థానం, అంటే అట్టడుగు. ఆర్సెనల్ అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి పెద్దగా బాధపడలేదు.

తర్వాత కరోనా. రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో. హైదరాబాద్‌కి మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కుర్రాళ్లతో హాయిగా ఆడించాడు. 2021-22లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. టీమ్ ఫైనల్‌కి వెళ్లింది.

ఆ రోజుల్లో మా పేటలో వేరే హడావిడి. యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్ (చాచా చెప్పిన టీమ్‌ది కాదు ఇది, బెటాలియన్‌ది) సినిమా ఫంక్షన్లకి పేరు పడింది. 2021 డిసెంబర్‌లో 'పుష్ప' ప్రీ రిలీజ్ ఈవెంట్ అక్కడే జరిగింది. 2022 ఫిబ్రవరి 23న 'భీమ్లా నాయక్'ది. ఆ రాత్రి మా సందుదాకా బళ్లు, జెండాలు, ఈలలు. ఆఫీస్ నుంచి ఇల్లు చేరడానికి నాకు గంటన్నర పట్టింది. సరిగ్గా పాతిక రోజులకి, మార్చి 20న, హైదరాబాద్ దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది.

ప్రత్యర్థి మళ్లీ కేరళే. గోవాలో ఫటోర్డా స్టేడియం, ఆ ఒక్క మ్యాచ్‌కి ప్రేక్షకులని పూర్తిగా అనుమతించారు. పసుపు మనకి దక్కింది, వాళ్ల ఆటగాళ్లు వేరే రంగు వేసుకోవాల్సొచ్చింది. గ్యాలరీల్లో పసుపు మాత్రం వాళ్లదే. మళ్లీ అదే రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమని ముగ్గుర్ని ఆపేశాడు, నర్జరీ చివరిది కొట్టాడు. ఇంట్లో నేనొక్కణ్ణే అరిచాను. బాల్కనీలోకి వచ్చి చూస్తే వీధి మామూలుగా ఉంది. ఇస్త్రీ బండి, మిర్చి బజ్జీలు, ఎవరిదో సీరియల్ చప్పుడు. చాంపియన్ అయిన ఊరు అలా ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పార్కులో చాచాకి గొప్పగా చెప్పాను, మనం గెలిచాం అని. "షాబాష్. ఈ సాల్ హైదరాబాద్‌ల ఎన్ని ఆటలైనయ్?" అన్నారు. ఒక్కటీ కాలేదన్నాను. "మన పోరగాళ్లు ఎందరున్నరు టీమ్‌ల?" ఫైనల్లో మొదట దిగిన 11 మందిలో తెలుగువాడు గానీ హైదరాబాదీ గానీ లేడు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు కాస్త కోపమొచ్చింది. ఆర్సెనల్‌లో మాత్రం ఎంతమంది లండన్ వాళ్లున్నారు గనక? ఆడేవాడు ఎక్కడివాడన్నది కాదు, గెలిచిన రాత్రి వీధిలోకి వస్తే ఎదురుగా ఇంకొకడు కనపడాలి. సిటీ పోలీస్‌కి అది ఉండేదని చాచా ముఖం చూస్తేనే తెలుస్తుంది. నా టీమ్‌కి అది తయారు కావడానికి ఇంకొంత టైమ్ కావాలి అనుకున్నాను.

టైమ్ దొరకలేదు. 2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చి రెండో స్థానంలో నిలిచారు. కొంచెం కొంచెంగా జనం రావడం మొదలైంది, డెక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపు డప్పులతో ఒక మూల నింపేది. ఆ తర్వాతి సీజన్‌కల్లా జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, మొత్తంమీద ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున తేలారు. యాజమాన్యం మారింది. ఇంకో ఏడాదికి ఊరే మారింది.

క్లబ్ ఊరు మారడం కొత్తేం కాదు. నా ఆర్సెనల్‌ని 1886లో మొదలుపెట్టింది దక్షిణ లండన్ వూలిచ్‌లో ఆయుధాల ఫ్యాక్టరీ కార్మికులు. 1913లో యజమానులు దాన్ని ఉత్తర లండన్‌కి ఎత్తుకెళ్లారు. వూలిచ్‌లో ఆ రోజు జెర్సీతో మిగిలినవాడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, ఇరవై ఏళ్ల అభిమానంలో ఒక్కసారి కూడా. 2002లో వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తీసుకెళ్లడానికి అనుమతి ఇచ్చినప్పుడు అక్కడి అభిమానులు ఊరుకోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, ఊరి మైదానంలో ఎవరైనా రండని పిలిచి ఆటగాళ్లని ఏరుకున్నారు. అట్టడుగు లీగ్ నుంచి ఎక్కుతూ 2011కి నాలుగో డివిజన్ చేరారు. వాళ్లకి తాతల నాటి నుంచి పేరుకున్న కోపం ఉంది. మాకున్నవి ఆరేళ్లు, అందులో రెండు గోవాలో.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది, బెంగాల్‌కీ కేరళకీ. మా అక్క కొడుకుని తీసుకెళ్లాను. తొమ్మిదేళ్లు వాడికి. తెలంగాణ గ్రూప్ దశలోనే ఇంటికెళ్లిపోయింది. చుట్టూ మలయాళం, బెంగాలీ. వాడు కాసేపు చూసి, "మామా, మనది ఏ టీమ్?" అన్నాడు. ఈ రెండూ కాదన్నాను. "మరి మనదేది?" రహీం సాబ్ దగ్గర మొదలుపెట్టాను. ఐదు రోవర్స్ కప్పుల దాకా వచ్చేసరికి, "పోలీసులు ఫుట్‌బాల్ ఆడతారా?" అని పగలబడి నవ్వాడు. వాణ్ణి నమ్మించే హడావిడిలో ఇద్దరం మైదానం వైపు చూడలేదు. అదనపు సమయంలో రోబి హన్‌స్దా గోల్ కొట్టి బెంగాల్‌ని గెలిపించాడు. ఆ మ్యాచ్‌లో పడ్డ ఒకే ఒక్క గోల్ మేం చూడలేదు.

జెర్సీ సంగతి తెలిసి మొన్న ఆదివారం వాడే వచ్చి పట్టుకెళ్లాడు. వాడికది మోకాళ్లదాకా వస్తుంది, భుజాలు మోచేతుల మీదికి జారతాయి. యూసుఫ్‌గూడలో వాళ్ల సందులో అదే వేసుకుని ఆడుతున్నాడని అక్క ఫోన్ చేసి చెప్పింది. మా బండి తుడవడానికి పాత టవల్ ఒకటి దొరికింది.